మూడో పంపు కొనకండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెట్రోలు పంపు గురించే. ఎండాకాలంలో ఏటా ఇంతే. ఊర్లు వేరు, బండ్లు వేరు, కథ మాత్రం ఒకటే: బండికి ఏదో మార్పు చేయించారు, కొన్నాళ్లకి దారిలో ఆగిపోవడం మొదలైంది, పంపు మార్చారు, మళ్ళీ ఆగింది, మళ్ళీ పంపు మార్చారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో వైరింగ్ పనిలో చేరి ముప్పై ఎనిమిదేళ్లు. నేర్చుకునే రోజుల్లో పంపు ఇంజిన్ పక్కన కప్పలా అంటిపెట్టుకుని ఉండేది, క్యామ్ షాఫ్ట్ తోస్తే కొట్టుకునేది, దానికి కరెంటుతో పనే లేదు. ఇప్పుడది ట్యాంకులో మునిగి కూర్చుంటోంది. కంటికి కనపడదు కాబట్టి ప్రతి నేరం దాని మీదకే తోస్తున్నారు. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకుంటున్నాను.

ప్ర: నాది 1993 మోడల్ జిప్సీ. రొయ్యల చెరువుల గట్ల మీద తిరగడానికి కొన్నాను. పాత 970 సీసీ కార్బ్యురేటర్ ఇంజిన్ తీయించి ఎస్టీమ్ కారు 1.3 ఎంపీఎఫ్ఐ (కంప్యూటరు లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే రకం) ఇంజిన్ పెట్టించాను. పొద్దున పూట బ్రహ్మాండంగా నడుస్తుంది. ఎండెక్కాక నరసాపురం బయల్దేరితే వీరవాసరం దాటి పాలకొల్లు చేరేలోపు లాగడం మానేస్తుంది, కుదుపులు ఇచ్చి ఆగిపోతుంది. పావుగంట చెట్టు కింద నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్ట్ అవుతుంది. రాత్రి హెడ్‌లైట్లు వేసుకుని వెళ్తే ఇంకా తొందరగా ఆగుతోంది. ట్యాంకు మోటారు రెండుసార్లు మార్చారు, ఫిల్టరు ఒకసారి మార్చారు. ఇప్పుడు ఒరిజినల్ మోటారు తెప్పిస్తాం, డబ్బు కట్టండి అంటున్నారు. కట్టమంటారా?
ఒక రైతు, భీమవరం

జ: కట్టకండి. రెండు కొత్త మోటార్లు ఒకే రోడ్డులో ఒకేలా ఆగిపోయాయంటే తప్పు మోటారుది కాదు, దానికి అన్నం పెట్టేవాడిది.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట చివర్లో రాశారు: రాత్రి హెడ్‌లైట్లు వేస్తే ఇంకా తొందరగా ఆగుతోంది అని. వేడికి పెట్రోలు ఆవిరై పైపులో గాలి పడుతోందనుకుంటే రాత్రి చల్లగా ఉన్నప్పుడు బండి బాగా నడవాలి. మీకు తిరగబడింది. పెట్రోలుకి లైట్లతో సంబంధం లేదు, కరెంటుకి ఉంది. అంటే మీ పంపూ, మీ లైట్లూ ఎక్కడో ఒకే తీగనో, ఒకే ఎర్తునో (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) పంచుకుంటున్నాయి.

పాత జిప్సీలో వెనక ట్యాంకు దగ్గరకి పంపు తీగ అన్నదే కంపెనీ వేయలేదు. గేజి తీగ, టెయిల్ ల్యాంపు తీగలు, అంతే. కాబట్టి మీ పంపుకి పోతున్న కరెంటు మొత్తం ఇంజిన్ మార్చినప్పుడు ఎవరో కొత్తగా లాగింది. ఎక్కడి నుంచి లాగి ఉంటారు? బానెట్ కింద కీ వేయగానే కరెంటు వచ్చే తీగ ఏది దొరికితే దానికి, చాలాసార్లు ఇగ్నిషన్ కాయిల్ తీగకి, గీరి మెలిపెట్టి టేపు చుడతారు. ఎర్తు కోసం వెనక టెయిల్ ల్యాంపు నల్ల తీగని పట్టుకుంటారు. పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది, బండి కూడా స్టార్ట్ అవుతుంది. మీరు డబ్బులిచ్చి ఇంటికి పోతారు.

పోయిన ఏడాది కైకలూరు వైపు నుంచి అచ్చం ఇలాంటి బండే మా షెడ్డుకి వచ్చింది. అదీ చేపల చెరువుల బండే. ఆయన డిక్కీలో మూడు పాత పంపులు గోనెసంచిలో వేసుకొచ్చాడు, సాక్ష్యానికన్నట్టు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెడితే 14.1 ఓల్టులు. పంపు కప్లర్ (తీగలు పంపుకి తగిలించే ప్లగ్గు) వెనక పిన్ను గుచ్చి చూస్తే 10.3. దారిలో 3.8 ఓల్టులు ఎవరో తినేశారు. ప్లస్ దారిలో 2.4, ఎర్తు దారిలో 1.4 పోతున్నట్టు లెక్క తేలింది. ఆ మూడు పంపుల్నీ తర్వాత మంచి తీగ మీద పెట్రోలులో ముంచి నడిపి చూశాం. రెండు దివ్యంగా ఉన్నాయి.

ఈ లెక్క మీరే తీయొచ్చు. మూడు వందలు, నాలుగు వందలు పెడితే డిజిటల్ మీటరు వస్తుంది. డీసీ 20 ఓల్టుల మీద పెట్టండి. ఇంజిన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు వేసి, ఎర్ర ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ముల్లు పంపు ప్లస్ తీగ మీద పెట్టండి. అంత దూరం ముల్లు అందదు, మధ్యలో ఒక సన్న తీగ కలుపుకోండి. మీటరు చూపించే అంకె ఆ దారిలో పోతున్న ఓల్టులు. తర్వాత నల్ల ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ముల్లు పంపు ఎర్తు తీగ మీద. అది తిరుగు దారిలో పోతున్నది. ఒక్కో వైపు అర ఓల్టు లోపుంటే సరే. ఒకటి దాటితే మీ దొంగ అక్కడే ఉన్నాడు. కొలత మాత్రం పంపు తిరుగుతుండగానే తీయాలి. కప్లర్ ఊడదీసి కొలిస్తే ఎప్పుడూ 12 చూపిస్తుంది. ఆ మాయ సంగతి కింద అనంతపురం కుర్రాడికి చెప్పాను, మీరూ చదవండి.

మీ బండి ఇంటి దగ్గర బాగానే ఉండి పాలకొల్లు దగ్గర మొరాయిస్తుంది కాబట్టి ఇంటి దగ్గర కొలిస్తే చాలదు. పంపు కప్లర్ నుంచి రెండు సన్న తీగలు, ప్లస్ తీగకి ఒక చిన్న ఫ్యూజు పెట్టి, ముందు సీటు దాకా తెచ్చుకోండి. మీటరు పక్కన కూర్చున్నవాళ్ల చేతికివ్వండి. మీరు రోడ్డు చూడండి, వాళ్లు అంకె చూస్తారు. బయల్దేరినప్పుడు 12.5 ఉన్నది వీరవాసరం దగ్గర 11.5, కుదుపులు మొదలయ్యేసరికి 10కి దిగిందనుకోండి, ఇక ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

ఎందుకు మెల్లగా దిగుతుందో కూడా చెప్పాలి. చాలామంది "సన్న తీగ వేశారు, అందుకే" అని తేల్చేస్తారు. సన్న తీగ తప్పే, కానీ లెక్క చూడండి. ఇలాంటి పంపు ఐదు ఆంపియర్లు లాగుతుందనుకుందాం. ముక్కాలు స్క్వేర్ ఎంఎం రాగి తీగ నాలుగు మీటర్లు వేస్తే పోయేది అర ఓల్టు కూడా ఉండదు. మరి కైకలూరు బండి ప్లస్ దారిలో ఆ 2.4 ఓల్టులు ఎక్కడ పోయాయి? మెలిపెట్టిన జాయింటులో, ముప్పై ఏళ్లు దాటిన ఇగ్నిషన్ స్విచ్చి లోపలి అరిగిన కాంటాక్టులో, వదులైన ఫ్యూజు కాళ్ల దగ్గర. ఇవి వేడెక్కేకొద్దీ కరెంటుని ఇంకా అడ్డుకుంటాయి, అడ్డుకునేకొద్దీ ఇంకా వేడెక్కుతాయి. పావుగంట ఆగితే చల్లారి మళ్ళీ దారిస్తాయి. మీరు చెట్టు కింద నిలబడిన పావుగంటలో చల్లారింది పంపు కాదు, ఆ జాయింటు. ఈసారి బండి ఆగిన వెంటనే స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి ఇగ్నిషన్ స్విచ్చి కప్లర్ తడిమి చూడండి. వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే నాకు జవాబు రాసేయొచ్చు.

ఎర్తు సంగతి మీ ఊళ్లో మరీ ముఖ్యం. చెరువు నీటి ఉప్పు, గట్ల మీది బురద, సముద్రపు గాలి, మూడూ కలిసి బాడీ రేకుని ఎంత తింటాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. పైకి రంగు మెరుస్తూ ఉంటుంది, బోల్టు కింద తుప్పు పొడి ఉంటుంది. మీ ప్రాంతపు బండ్లకి నేను బాడీ ఎర్తుని నమ్మను. పంపు ఎర్తు తీగని విడిగా ముందుకి తెచ్చి నేరుగా బ్యాటరీ మైనస్ మీదే వేస్తాను. నాలుగు మీటర్ల తీగ ఖర్చు ఎక్కువే, కానీ పదేళ్లు మళ్ళీ దాని ముఖం చూడక్కర్లేదు.

ఇప్పుడు చేయించాల్సిన పని. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు. అక్కడి నుంచి రెండున్నర స్క్వేర్ తీగ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి) 30వ కాలుకి. 87వ కాలు నుంచి అదే తీగ పంపుకి. 86కి ఇగ్నిషన్ కరెంటు. 85వ కాలుని మాత్రం ఎర్తుకి బిగించేయొద్దు. దాన్ని ఎస్టీమ్ ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటరు, నుంచి వచ్చే పంపు రిలే తీగకి కలపాలి. ఇంజిన్‌తో పాటు ఈసీఎం, వైరింగ్ కిట్టు వచ్చి ఉంటాయి కదా, ఆ తీగ కిట్టులోనే ఉంటుంది, చాలా షెడ్లలో దాన్ని మడిచి టేపు చుట్టి వదిలేస్తారు. ఇలా చేస్తే ఇగ్నిషన్ స్విచ్చి మీద బరువంతా పోతుంది. స్విచ్చి రిలే కాయిల్‌కి చిటికెడు కరెంటు ఇస్తే చాలు, అసలు కరెంటు బ్యాటరీ నుంచి తిన్నగా వెళ్తుంది.

85ని ఈసీఎంకే ఎందుకు కలపాలంటే, కీ వేయగానే అది పంపుని రెండు మూడు సెకన్లు తిప్పి ఆపేస్తుంది. ఇంజిన్ తిరుగుతున్నట్టు సెన్సారు చెప్తేనే మళ్ళీ నడుపుతుంది. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది. మీ బండిలో ఇప్పుడున్నట్టు కీకి నేరుగా కలిపితే, దేవుడు చల్లగా చూడాలి గానీ, బండి పల్టీ కొట్టి ఇంజిన్ ఆగినా పంపు ఆగదు. తెగిన పైపులోంచి మూడు కిలోల ప్రెషరుతో పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. కైకలూరు ఆయనకి నేను ఈ ముక్క చెప్పాకే రిలే డబ్బులకి బేరం ఆపాడు.

ఇంకో రెండు చూడండి. ఇంజిన్ మార్చినప్పుడు ఇంజిన్ నుంచి బాడీకి ఉండే అల్లిక ఎర్తు పట్టీ మళ్ళీ బిగించారా? దీన్ని మర్చిపోవడం ఎంత మామూలంటే, ఒకసారి ఒక జీపులో సెల్ఫ్ కొడితే యాక్సిలరేటర్ కేబుల్ ప్లాస్టిక్ పొగలొచ్చింది. సెల్ఫ్ మోటారు లాగే కరెంటంతా వేరే దారి లేక ఆ కేబుల్ గుండా తిరిగి వెళ్తోంది పాపం. రెండోది, కార్బ్యురేటర్ బండి ట్యాంకులో పంపు చుట్టూ పెట్రోలు నిలబెట్టే బుట్ట ఉండదు. వైరింగ్ అంతా సరిచేశాక కూడా, ట్యాంకు పావు వంతు కన్నా తగ్గినప్పుడు మలుపుల్లో మాత్రమే మిస్సింగ్ వస్తే అది ఈ బుట్ట లోపం, కరెంటుది కాదు. అప్పుడు మీటరు వదిలి ప్రెషర్ గేజి పట్టుకోవాలి. మీ ఇంజిన్‌కి ఐడిల్‌లో రెండున్నర కిలోల చుట్టుపక్కల ఉండాలి, వ్యాక్యూమ్ పైపు పీకితే మూడు దగ్గరకి ఎగరాలి.

ట్యాంకు దగ్గర ఏ తీగ కోసినా ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయించండి. పైపు విప్పే ముందు రిలే పీకి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపించండి, లైనులో ప్రెషరు దిగుతుంది. ట్యాంకు లోపల మామూలు పీవీసీ తీగ, మామూలు రబ్బరు గొట్టం పనికిరావు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరుకి అది గిట్టదు.

ప్ర: అన్నా, నాది క్యాబ్. సీఎన్‌జీ కిట్టు బయట వేయించిన. నెల నుంచి నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగిపోతుంది, లైటు ఆరినట్టు. ఒక నిమిషం ఆగి కీ వేస్తే స్టార్ట్ అయితది. పెట్రోలు మీదనే ఆగుతుంది, గ్యాసు మీద ఆగదు. స్కానరు పెడితే కోడ్ ఏం లేదంటున్నరు. ఫ్యూయల్ పంపు పోయిందని ఒకరు, ఈసీఎం పోయిందని ఒకరు. కిస్తీలు కట్టాల్నా, ఇది చేయించాల్నా, టెన్షన్ అయితుంది.
క్యాబ్ డ్రైవర్, ఉప్పల్

జ: తమ్ముడూ, ఈసీఎం జోలికి ఎవర్నీ పోనీయకు. పోతున్న పంపు ముందు నీరసపడుతుంది, ఎత్తు ఎక్కలేదు, పికప్ తగ్గుతుంది, తర్వాత పోతుంది. లైటు ఆరినట్టు ఠక్కున ఆగేది ఎక్కువగా కాంటాక్టు తెగడమే. నువ్వు రాయలేదు గానీ ఒకటి అడుగుతాను: నీ బండికి జీపీఎస్ ట్రాకర్ ఉందా? ఫోన్‌లోంచి బండి ఆపే రకం? ఫైనాన్స్ మీద తీసుకున్న క్యాబ్ కాబట్టి ఉండే ఉంటుంది.

ఆ రకం ట్రాకర్ బిగించేవాళ్లు డాష్‌బోర్డు కింద పంపు తీగ కోసి మధ్యలో ఒక రిలే పెడతారు. మామూలుగా కరెంటు ఆ రిలేలో 30 నుంచి 87ఏ కాలు గుండా పోతుంది. ఈ 87ఏ అనేది రిలే నిద్రపోతున్నప్పుడు తగులుకుని ఉండే కాంటాక్టు, చిన్న స్ప్రింగు బలం మీద ఆధారపడింది. చవక రిలే అయితే గుంతలో పడ్డప్పుడు, వేడెక్కినప్పుడు అది ఒక్క క్షణం వదిలేస్తుంది. ఆ ఒక్క క్షణం చాలు. ఈసీఎం తను ఇవ్వాల్సిన ఆర్డరు సరిగ్గానే ఇస్తోంది, తెగింది దాని తర్వాత, అందుకే కోడ్ పడదు. పంపు రిలే కాయిల్ వైపే తెగి ఉంటే పీ0230 లాంటిది ఏదో ఒకటి కనపడే అవకాశం ఉండేది.

ట్రాకర్ వాళ్లకి చెప్పి, వాళ్లకి తెలిసేలాగే, ఆ రిలేని వారం రోజులు పక్కన పెట్టించి కోసిన తీగ రెండు కొసలు సరిగ్గా కలిపించు. వారంలో ఒక్కసారి కూడా ఆగకపోతే మంచి రిలే వేయించుకో. ఆగితే, సీఎన్‌జీ కిట్టు వాళ్లు కూడా పంపు తీగ కోశారేమో చూడు. కొన్ని కిట్లలో గ్యాసు మీద నడుస్తున్నప్పుడు పంపు ఆపడానికి ఇంకో రిలే ఉంటుంది. ఒకే తీగ మీద ఇద్దరు కోసి రెండు రిలేలు పెట్టిన బండ్లు నేను చూశాను. ఒకడి పని ఇంకొకడికి తెలియదు.

పంపు ఆపే రిలే లేని కిట్టు అయితే ఇంకో జబ్బు ఉంది. గ్యాసు మీద పోతున్నా పంపు ట్యాంకులో తిరుగుతూనే ఉంటుంది. పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే. గ్యాసు ఉంది కదా అని నూరు రూపాయల పెట్రోలుతో నెలంతా గడిపితే పంపు మాడుతుంది. పావు ట్యాంకు ఎప్పుడూ ఉంచుకో.

ప్ర: సార్, నేను పాలిటెక్నిక్ ఫైనలియర్. ప్రాజెక్టు కోసం పాత కారు ఇంజిన్‌తో ఒక చిన్న బండి తయారు చేస్తున్నాం. పంపు కప్లర్ దగ్గర మీటరు పెడితే 12.4 ఓల్టులు వస్తోంది. టెస్టర్ బల్బు కూడా వెలుగుతోంది. పంపు తగిలిస్తే మాత్రం తిరగట్లేదు. అదే పంపు బ్యాటరీకి నేరుగా పెడితే తిరుగుతోంది. ఇదెలా సాధ్యం?
విద్యార్థి, అనంతపురం

జ: నా మొదటి ఆరు నెలల జీతం ఈ ప్రశ్నకే పోయింది బాబూ, అందుకని నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను.

కుళాయికి మూత బిగించి ఉన్నంతసేపు పైపు నిండా ప్రెషరు ఉంటుంది, పైపు మధ్యలో గుడ్డపేలిక అడ్డం పడినా సరే. కుళాయి విప్పితేనే తెలుస్తుంది నీళ్లు ధార కట్టాయా, చుక్కలు పడుతున్నాయా అని. మీటరు లాగే కరెంటు ఎంతో తక్కువ, ఉందో లేదో అన్నంత. తీగలో ఇరవై పోగుల్లో పంతొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటరుకి 12.4 అందుతుంది. టెస్టర్ చిన్న బల్బుకీ అందుతుంది. పంపు ఐదు ఆంపియర్లు అడిగేసరికి ఆ ఒక్క పోగు చేతులెత్తేస్తుంది.

అందుకని మా షెడ్డులో పంపు తీగ చూడ్డానికి టెస్టర్ వాడం. పాత హెడ్‌లైటు బల్బు వాడతాం, 60 వాట్లది. 60ని 12తో భాగిస్తే ఐదు ఆంపియర్లు, సరిగ్గా పంపు లాగేంత. ఒక ఫిలమెంటు పోయిన బల్బులు ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరైనా ఊరికే ఇస్తారు, రెండో ఫిలమెంటు మనకి చాలు. ట్యాంకుకి దూరంగా, పెట్రోలు వాసన లేని చోట, పంపు తీగ రెండు కొసలకి ఆ బల్బు తగిలించు. తెల్లగా కళ్ళు చెదిరేలా వెలిగితే తీగ మంచిది. నారింజ రంగులో మినుకుమంటే చెడ్డది. బల్బు వెలుగుతుండగా తీగని జాయింటు జాయింటు దగ్గరా కదిపి చూడు, ఎక్కడ కదిపితే వెలుగు మారుతుందో అక్కడ కత్తి పెట్టు. మీ బండిలో చూడాల్సిన మొదటి చోటు థింబుల్ (తీగ కొసకి బిగించే లోహపు ముక్క) నొక్కిన చోటే. కుర్రాళ్లు కటింగ్ ప్లేయర్‌తో నొక్కుతారు, పైన ఇన్సులేషన్ మీద పట్టు ఉంటుంది, లోపల రాగి మీద ఉండదు. థింబుల్ నొక్కే పనిముట్టు విడిగా దొరుకుతుంది, మీ వర్క్‌షాపు ఇన్‌చార్జి గారి చేత కొనిపించండి.

ప్ర: నా హ్యాచ్‌బ్యాక్‌కి టర్బో వేయించి, గంటకు 255 లీటర్ల పంపు పెట్టించాను. గట్టిగా తొక్కినప్పుడు పంపు ఫ్యూజు పోతోంది. 15 బదులు 30 వేసేయమని ఫ్రెండ్ చెప్పాడు. వేస్తే ఏమవుతుంది?
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జ: వెనక సీటు కింద తీగ కాలుతుంది. దాని పక్కనే పెట్రోలు ట్యాంకు.

ఫ్యూజు పంపుని కాపాడ్డానికి పెట్టింది కాదు, తీగని కాపాడ్డానికి. కంపెనీ తీగ కంపెనీ పంపుకి సరిపడా వేశారు. మీ పెద్ద పంపు మామూలుగానే పాత దానికి దాదాపు రెట్టింపు లాగుతుంది, బూస్టు పెరిగి ప్రెషరు ఎక్కినప్పుడు ఇంకా లాగుతుంది. కంపెనీ తీగని రిలే కాయిల్‌కి ఆర్డరు ఇవ్వడానికి మాత్రం ఉంచుకుని, బ్యాటరీ నుంచి నాలుగు స్క్వేర్ కొత్త తీగ, దాని మొదట్లో 20 ఆంపియర్ల ఫ్యూజు, కొత్త రిలే, అంతే లావు ఎర్తు వేయించండి. భీమవరం రైతు గారికి చెప్పిన పద్ధతే. ట్యాంకు మూతలోంచి లోపలికి వెళ్లే పిన్నులు కూడా చూడండి, అవి పాత కరెంటుకే తయారైనవి. కరిగి నల్లబడి ఉంటే తీగ ఎంత లావు వేసినా లాభం లేదు.

ప్ర: ఇంజిన్ మార్చుకున్న బండికి ఆర్సీలో ఏమైనా చేయించాలా? ఎవరూ అడగరు అంటున్నారు.
పాఠకుడు, కర్నూలు

జ: రోడ్డు మీద ఎవరూ అడగరు, యాక్సిడెంటు అయ్యాక ఇన్సూరెన్సు వాళ్లు అడుగుతారు. మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్చాలంటే రవాణా కార్యాలయం అనుమతి తీసుకోవాలి, ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించుకోవాలి. సీఎన్‌జీ కిట్టుకీ అంతే. పాత ఇంజిన్ కొన్న బిల్లు, అది ఏ బండిలోదో తెలిపే కాగితం లేకుండా ఇంజిన్ కొనకండి. దొంగ ఇంజిన్ అయితే గోరుచుట్టు మీద రోకటిపోటు.

ప్ర: మా తమ్ముడు అమెరికా వెళ్తూ తన కారు నాకు ఇచ్చి వెళ్లాడు. దానికి ఏవేవో మార్పులు చేయించుకున్నాడు, నాకేమీ తెలియదు. కీ తిప్పగానే వెనక సీటు కింద నుంచి జుయ్‌మని చప్పుడు వస్తోంది. రెండు సెకన్లకి అదే ఆగిపోతోంది. పిల్లల్ని వెనక కూర్చోబెట్టాలంటే భయంగా ఉంది. చూపించాలా?
గృహిణి, తెనాలి

జ: భయపడకండి తల్లీ, అది పంపు లైనులో ప్రెషరు నింపుకునే చప్పుడు. రెండు సెకన్లకి ఆగిందంటే మీ తమ్ముడు వైరింగ్ తెలిసినవాడి చేతే చేయించాడు, నా తరఫున అతనికి ఒక మంచి మాట చెప్పండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ అలాగే వదిలేసినా ఆ చప్పుడు ఆగకుండా వస్తూ ఉంటే మాత్రం ఎలక్ట్రీషియన్‌కి చూపించాలి, పైన భీమవరం ఆయన బండిలాగ నేరుగా కలిపేసి ఉండొచ్చు. పెట్రోలు వాసన వస్తే ఆ రోజు బండి తీయొద్దు. రేపు పొద్దున ఒకసారి ఏసీ, పాటలు ఆపి, కీ వేసి, ఆ చప్పుడు ఎలా ఉందో శ్రద్ధగా వినిపెట్టుకోండి. ఎప్పుడైనా అది సన్నబడినా, గరగరమన్నా, అసలు రాకపోయినా అప్పుడు నాకు మళ్ళీ రాయండి. బండి మోడల్ కూడా రాయండి, ఈసారి మర్చిపోయారు.